అంగన్‌వాడీలో తల్లీపిల్లల చదువుగంట: ఎట్ల మొదలుపెట్టాలె, ఏం కావాలె?

నర్సంపేట_వీఓ

అందరికీ నమస్తే. మా గ్రామ సమాఖ్య, అంగన్‌వాడీ టీచరు కలిసి వారానికి రెండు రోజులు చదువుగంట పెట్టాలని తీర్మానం అయింది. 3 నుంచి 6 ఏండ్ల పిల్లలు 24 మంది. తల్లులు, నాయనమ్మలు కలిపి 20 మంది దాకా వస్తమంటున్నరు. అందులో సగం మందికి సంతకం తప్ప చదువు రాదు. ఊరికి ఆనుకొని తండా ఉంది, అక్కడి పిల్లలు ఎనిమిది మంది. సమాఖ్య నుంచి పదివేలు ఖర్చు పెట్టగలం.

ఏ వేళకు పెట్టాలె, పైసలు దేని మీద పెట్టాలె, చదువు రాని తల్లి పిల్లకు ఏం చెప్పాలె? ఇంకొకటి, "ప్రైవేటు నర్సరీలో అ ఆలు రాయిస్తున్నరు, మీరు కూడా రాయించుండ్రి" అని తండ్రులు గట్టిగ అడుగుతున్నరు. వాళ్లకు ఏం జవాబు చెప్పాలె?

---

పరకాల_సెక్టార్

ముందు వేళ తేల్చుకోండి. జూలై, ఆగస్టు వరి నాట్లు. అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరుడు. ఆ వెంటనే ఏప్రిల్ దాకా మిర్చి. మీ నర్సంపేట దిక్కు మిర్చి ఎక్కువ కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో పగటిపూట ఏ తల్లీ రాదు. కూలి వదులుకొని రమ్మనడం న్యాయం కూడా కాదు. రాత్రి ఎనిమిదిన్నరకు పెడితే పిల్లలు నిద్రలో తూగుతారు. అందుకే ఒకే గంటలో ఇద్దరినీ కూర్చోబెట్టాలన్న పట్టు వదిలి, పనిని మూడు ముక్కలు చేయండి.

పిల్లలది పగలు, కేంద్రంలో. 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం కింద అంగన్‌వాడీలో రోజుకు కనీసం రెండు గంటల పూర్వప్రాథమిక విద్య జరగాలి. మీ వలంటీరు ఆ రెండు గంటల్లోనే అరగంట కథ తీసుకోవచ్చు. తల్లులది సంఘం మీటింగు జరిగే రోజే, అదే చోట, మీటింగుకు ముందు 40 నిమిషాలు. పొదుపు కట్టడానికి ఎట్లాగూ వస్తారు. తర్వాత అన్నారంటే సగం మంది లేచి పోతారు. మూడోది ఇంట్లో పది నిమిషాలు. అసలు పని జరిగేది అక్కడే, మిగతా రెండూ దానికోసమే.

గర్భిణులు, బాలింతలు ఆరోగ్యలక్ష్మి భోజనానికి మధ్యాహ్నం కేంద్రానికే వస్తారు. తిన్నాక పావుగంట వాళ్లతో కూర్చుంటే మూడేండ్ల లోపు పిల్లల పని అక్కడే మొదలవుతుంది. ఆ వయసు కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో ఇచ్చిన 'నవచేతన' పుస్తకంలో 140 కృత్యాలు నెలల వయసు ప్రకారం ఉన్నాయి. 3 నుంచి 6 ఏండ్లకు 'ఆధార్‌శిల': 48 వారాల ప్రణాళిక, మొదటి 4 వారాలు అలవాటు పడటానికి, 36 వారాలు ఆటపాటలతో నేర్చుకోవడానికి, చివరి 8 వారాలు నేర్చుకున్నది గట్టిపరచుకోవడానికి. కొత్త సిలబస్ రాసుకునే శ్రమ అక్కర్లేదు. మీ టీచరు దగ్గర ఈ పుస్తకాలు ఉన్నాయో లేవో అడగండి.

ఇంకో మాట. అంగన్‌వాడీ టీచరు మీద ఇప్పటికే వంట లెక్కలు, బరువులు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు ఉన్నాయి. చదువుగంట కూడా ఆమె నెత్తినే వేస్తే రెండో నెలకు ఆగిపోతుంది. సమాఖ్య నుంచి ఇద్దరు వలంటీర్లను పెట్టండి. ఒకరు రాకపోతే ఇంకొకరు ఉండాలి. తీర్మానం నకలు జోడించి సూపర్‌వైజర్ ద్వారా అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారి సీడీపీఓకు లేఖ ఇవ్వండి. లేకుంటే కేంద్రం తాళం దగ్గరే పేచీ వస్తుంది.

---

తొలిబడి_హనుమకొండ

తండ్రుల ప్రశ్నకు జవాబు. నాలుగేండ్ల పిల్ల చేతిలో బలపం పెట్టి 'అ' మీద యాభైసార్లు దిద్దిస్తే 'అ' బొమ్మ వస్తుంది, చదువు రాదు. చదవాలంటే ముందు చెవికి పదంలోని ముక్కలు వినిపించాలి. కో-డి, బ-తు-కమ్-మ అని చప్పట్లతో విడగొట్టడం, 'పలక' మొదటి చప్పుడు ఏంటో చెప్పడం, 'ప'తో మొదలయ్యే ఇంకో మాట తేవడం. ఇది రాని పిల్లకు అక్షరం ఒక గీత మాత్రమే. దీనికి పలక అక్కర్లేదు, అక్షరాలు తెలిసిన తల్లి కూడా అక్కర్లేదు. అన్నం తినిపిస్తూ ఆడించొచ్చు.

రాతకు కావాల్సింది వేళ్ల బలం. సన్న ఇసుక పళ్లెంలో వేలితో గీయడం, మట్టి పిసకడం, బంతిపూలు దారానికి గుచ్చడం, చిక్కుడుకాయ ఈనె తీయడం. సుద్దముక్కను రెండు సెంటీమీటర్లకు విరిచి ఇవ్వండి. పొడుగుది ఇస్తే పిడికిలితో పట్టుకుంటారు, చిన్నదైతే మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు.

ముగ్గు సంగతి ఎవరూ అడగరు గానీ, మన దగ్గర ఉన్న మంచి పాఠం అది. నాలుగు చుక్కలు, వాటి చుట్టూ మెలిక. తెలుగు లిపి అంతా వంపులే కాబట్టి మెలికల ముగ్గు వేసే చెయ్యి అక్షరానికి తొందరగా అలవాటవుతుంది. చదువు రాని నాయనమ్మ అక్కడ గురువు. వాకిట్లో ఆమె పక్కన పిల్లకు ఒక జానెడు జాగా ఇచ్చి, రెండు చుక్కలతో మొదలుపెట్టించమనండి.

తండ్రుల మీటింగులో ఈ మాటలన్నీ చెప్తే వినరు. పిల్లలతో చేయించి చూపించండి. నెలాఖరుకు ఒక పిల్ల బొమ్మల పుస్తకం పట్టుకొని కథ మొత్తం చెప్తుంటే తండ్రి అడిగే ప్రశ్న మారుతుంది.

---

బడిగంట_కరీంనగర్

తొలిబడి గారి మాటతో సగమే ఒప్పుకుంటాను. నాలుగేండ్లకు అక్షరం వద్దు, సరే. కానీ ఐదు దాటిన పిల్లకు కూడా చప్పట్లే కొట్టించి జూన్‌లో ఒకటో తరగతికి పంపితే, పక్కన యూకేజీ చదివి వచ్చిన పిల్ల ముందు ఈమె నోరు విప్పదు. ఆ బెరుకు ఏండ్లకొద్దీ ఉంటుంది. పేదింటి పిల్లకే "ఆటలు చాలు" అని చెప్పడం నాకు సమ్మతం కాదు.

---

తొలిబడి_హనుమకొండ

ఐదు దాటినవాళ్లకు అక్షరాలు నేర్పాలి సార్, అందులో తేడా లేదు. తేడా ఏ వరుసలో అన్నదే. అ నుంచి ఱ దాకా వరుసగా వెళ్తే నెలలు గడిచినా పిల్ల ఒక్క మాట చదవదు. ప, ల, క, వ, డ ఈ ఐదే తీసుకోండి. పలక, కల, వల, వడ, కడవ, పడవ, పడక. మూడు వారాల్లో ఏడు మాటలు సొంతంగా చదువుతుంది. అక్షరానికి పని ఉందని ఆమెకు తెలియడం ముఖ్యం. తర్వాత ర, మ, న, త, గ. ఆ తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము. క కా కి కీ మొత్తం పాటలా అప్పజెప్పించడం కాకుండా, ఒక గుర్తు తీసుకొని తెలిసిన పది అక్షరాలకూ పెట్టి చూడాలి: కాకి, పాప, మామ, తాత, పాలు.

తడబడే చోట్లు ముందే తెలుసుకోండి. మ–య, వ–న, ప–ష–స, ర–ఠ. వీటిని ఒకే వారంలో ఎత్తుకోవద్దు. ఒకటి గట్టిపడ్డాక రెండోది. కొమ్ము దగ్గర ఇంకో చిక్కు: 'వ' పక్కన మామూలు కొమ్ము పెడితే 'మ' లాగా కనిపిస్తుంది, అందుకే 'వు'కు కొమ్ము కిందికి దిగుతుంది. 'పు' కూడా అంతే. పిల్ల "వు" తప్పు రాసిందంటే చాలాసార్లు నియమం సరిగానే పాటించింది, మినహాయింపు ఎవరూ చూపలేదు. ఒత్తులు అంగన్‌వాడీలో ముట్టుకోవద్దు. క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరం లాగా ఉండవు, అది బడి పని.

రాత ఎప్పుడూ చదువుకు వెనకే రానివ్వండి. తన పేరు మాత్రం ముందే రాయొచ్చు, అది ఎంత కష్టమైన పేరైనా.

---

పుస్తకాలసంచి_జనగామ

పైసల సంగతి. పదివేలకు చార్టులు, ప్లాస్టిక్ ఫలాలు, గోడరంగులు కొనొద్దు. పుస్తకాలు కొనండి. 50, 60 రూపాయల లోపు దొరికే బొమ్మల పుస్తకాలు 80 దాకా తీసుకోండి, 4,500 చుట్టూ అవుతుంది. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వాళ్ల తెలుగు జాబితాలు తెప్పించుకోండి. అందులో పది, పదిహేను అసలు మాటలే లేని బొమ్మకథలు ఉండాలి. చదువు రాని తల్లికి అవే దారి. మిగిలినవి పేజీకి ఒకటి, రెండు వాక్యాలు ఉన్నవి. స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి గానీ రంగుల్లో ప్రింటు తీయిస్తే 12 పేజీల పుస్తకం అచ్చు పుస్తకం కన్నా ఎక్కువ పడుతుంది. వాటిని ఫోన్లోనో ట్యాబ్‌లోనో వలంటీరు ముందే చదువుకోవడానికి వాడండి.

ముతక గుడ్డ సంచులు 30 కుట్టించండి, 12 అంగుళాలు 14 అంగుళాలు, సంఘంలో కుట్టుమిషను ఉన్నవాళ్లకే పని ఇవ్వండి. వెడల్పు పారదర్శక టేపు పెద్ద చుట్టలు నాలుగు. కొత్త పుస్తకం రాగానే వెన్ను, నాలుగు మూలలు టేపు వేస్తే రెండింతల కాలం ఉంటుంది. మూత గట్టిగా పట్టే రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఎలుకల కోసం. రెండువేలు పక్కన పెట్టండి, ఎందుకంటే ఏడాదిలో ఐదో వంతు పుస్తకాలు చిరుగుతాయి, పోతాయి. అది నష్టం కాదు, పుస్తకం వాడారన్న గుర్తు. ఊళ్లలో కార్యక్రమం చెడేది ఇక్కడే: పోతాయన్న భయంతో పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తనిఖీ రోజు తీస్తారు.

రిజిస్టరు తల్లులే నడపాలి. చదువు రాకపోయినా నడపొచ్చు. ప్రతి పిల్లకు ఒక గుర్తు, చేప, గొడుగు, నాగలి అట్ల. సంచి మీద, రిజిస్టరులో, అదే బొమ్మ. పుస్తకానికి అంకె. తీసుకెళ్తే అంకె వేయాలి, తెస్తే కొట్టేయాలి. రెండు నెలలకు ఆ గుర్తు పక్కన పిల్ల పేరు రాయండి, ఇంకొన్నాళ్లకు గుర్తు తీసేయండి. తల్లికి అప్పటికి తన పిల్ల పేరు చదవడం వస్తుంది.

హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టిన నేల ఇది. మనం ఆస్తిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థకు సమాఖ్య తరఫున దరఖాస్తు పెట్టి పిల్లల పుస్తకాలు, దగ్గర్లోని శాఖ నుంచి అరువు సౌకర్యం అడగండి. అడగడం మన హక్కు.

---

నర్సంపేట_వీఓ

చాలా పనికొచ్చే మాటలు చెప్పిన్రు. బొమ్మల పుస్తకం తల్లి చేతికిస్తే "నాకు రాదమ్మా" అని పక్కన పెడ్తది. ఆ పది నిమిషాలు అసలు ఏం చేయమని చెప్పాలె? మాట మాట చెప్పండ్రి, వలంటీర్లకు అట్లనే నేర్పుత.

---

పుస్తకాలసంచి_జనగామ

తల్లికి మూడు ప్రశ్నలే నేర్పండి. "ఇదేంది?" "ఇది ఏం చేస్తున్నది?" "తర్వాత ఏమైతది?" అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. చాలామంది ఆగరు, జవాబు వాళ్లే చెప్పేస్తారు. పిల్ల "కుక్క" అంటే తల్లి దాన్ని పెంచాలి: "అవు, నల్లకుక్క ఉరుకుతున్నది." పిల్లతో ఆ మాట మళ్లీ అనిపించాలి. అంతే. తప్పు దిద్దడం, "సరిగ్గా చెప్పు" అనడం వద్దు. పిల్ల బొమ్మలో లేనిది చెప్పినా "అట్లనా, ఎందుకట్ల?" అనాలి.

కేంద్రంలో వలంటీరు చదివేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలే, అర్ధచంద్రంగా కూర్చోవాలి. 24 మందికీ ఒకేసారి చదివితే వెనకవాళ్లకు బొమ్మ కనపడదు, గొడవ మొదలవుతుంది, తప్పు పిల్లల మీద పడుతుంది. పుస్తకం పిల్లల కంటి ఎత్తున పక్కకు పట్టుకోవాలి, తన ముఖానికి అడ్డం కాదు. మాట చదువుతుంటే దాని కింద వేలు కదలాలి. ఒకే పుస్తకం వారమంతా: మొదటి రోజు ఆపకుండా కథ, రెండో రోజు ఆగి ఆగి ప్రశ్నలు, మూడో రోజు పిల్లలు చెప్పాలి, నాలుగో రోజు ఆడి చూపాలి. "రోజూ అదే పుస్తకమా" అని పెద్దవాళ్లకు విసుగు. పిల్లలకు నాలుగోసారికి గానీ మాటలు వాళ్లవి కావు.

ఆ వారం పుస్తకమే ఇంటికి వెళ్లాలి. అప్పుడు ఇంట్లో చెప్పేది పిల్ల, వినేది తల్లి. చదువు రాకపోవడం అడ్డం కాదు.

---

తండాబడి_మహబూబాబాద్

తండా పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నా. ఇంట్లో గోర్‌బోలి, అంటే లంబాడీ భాష, కేంద్రంలో తెలుగు. మూడేండ్ల పిల్లకు "నీళ్లు" తెలియదు, "పాణి" తెలుసు. "అమ్మ" కాదు, "యాడి". మొదటి నెల టీచరు తెలుగే మాట్లాడితే ఆ పిల్ల మూగదైపోతుంది, రిజిస్టరులో 'మందమతి' లాంటి మాట పడుతుంది. అది చాలా అన్యాయం.

ఇద్దరు వలంటీర్లలో ఒకరు తండా ఆడబిడ్డ కావాలి. తప్పనిసరి. కథ ముందు గోర్‌బోలిలో, మర్నాడు అదే పుస్తకం తెలుగులో. కథ తెలిసింది కాబట్టి కొత్త మాటలు దానంతట అవే అర్థమవుతాయి. రోజూ వాడే యాభై, అరవై మాటలు రెండు భాషల్లో రాసి గోడకు పెట్టండి: నీళ్లు, ఆకలి, దొడ్డికి, నొప్పి, ఇంటికి, రా, కూర్చో. గోర్‌బోలికి సొంత లిపి లేదు, తెలుగు లిపిలో రాస్తే సరిపోతుంది. ముందు టీచరు, ఆయమ్మ ఆ మాటలు నేర్చుకోవాలి, పిల్లలు తర్వాత. మూడేండ్ల పిల్ల దొడ్డికి వస్తున్నదని చెప్పలేక తడుపుకుంటే ఆ రోజు నుంచి రానంటుంది.

తండా తల్లులతో "ఇంట్లో తెలుగు మాట్లాడండి" అని ఎప్పుడూ అనొద్దు. వాళ్లకు వచ్చిన భాషలో ఎక్కువ మాట్లాడితేనే పిల్లకు మాట పెరుగుతుంది. ములుగు దిక్కు కోయ పిల్లలకు కూడా ఇదే పద్ధతి.

---

జగిత్యాల_అక్షరం

తల్లుల 40 నిమిషాల గురించి. పెద్దవాళ్ల ముందు అ ఆ పుస్తకం పెట్టొద్దు, చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల పనికొచ్చే కాగితం పెట్టండి. తన పేరు, పిల్ల పేరు, ఊరు, మండలం. తర్వాత సంఘం పొదుపు పుస్తకం, బ్యాంకు పాసుబుక్కులో తేదీ, జమ, నిల్వ అన్న గడులు. తర్వాత బస్సు బోర్డు, ఉపాధి హామీ హాజరు, మందు సీసా. పిల్లల సిరప్‌కు 'చెంచా' లెక్క చెప్పొద్దు. మూతతో వచ్చే కొలత కప్పు మీద 2.5, 5 మి.లీ. గీతలు చదవడం నేర్పండి, ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు.

లెక్కలు వాళ్లకు నోటికి వచ్చు. "నూటికి రూపాయి" వడ్డీ అంటే ఏడాదికి నూటికి పన్నెండు అని నోటితో తేల్చేస్తారు. దాన్నే కాగితం మీద రాయించండి. తెలిసిన లెక్క కాబట్టి అంకెలు త్వరగా వస్తాయి.

15 ఏండ్లు దాటినవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం 'ఉల్లాస్' 2022 నుంచి 2027 దాకా నడుస్తున్నది. దాదాపు 200 గంటల చదువు. చివరి పరీక్ష చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50, మొత్తం 150 మార్కులు. మీ వలంటీర్లను, తల్లులను అందులో నమోదు చేయించండి, సర్టిఫికెట్ వస్తుంది. కానీ పరీక్ష భయం మొదటి నెల ఎత్తొద్దు.

మా దిక్కు నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లులు ఎక్కువ. చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే. అందుకని అక్కడ కథ చెప్పడం, పాట, పొడుపుకథలు ముందు. గల్ఫ్‌లో ఉన్న తండ్రులకు వాట్సాప్‌లో రాతలు పెట్టడం కన్నా నిమిషం లోపు వాయిస్ పంపండి: "ఈ వారం కథ ఇది, ఫోన్ చేసినప్పుడు పిల్లను ఈ కథ అడుగు." అది చాలా పని చేస్తుంది. తల్లుల గ్రూపులో కూడా వాయిస్ మాత్రమే. చదువు రానివాళ్ల గ్రూపులో పొడుగు మెసేజ్ పెట్టడమంటే వాళ్లను బయట నిలబెట్టడమే.

---

డీటీపీ_చౌరస్తా

సొంత పుస్తకాలు చేసుకోవాలనుకుంటే: ఒక ఏ4 కాగితం మూడుసార్లు మడిచి నడిమిట్ల ఒక గాటు పెడితే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అయితది, పిన్నులు అక్కర్లేదు. ఒక వరుస పేజీలు తలకిందులుగ రావాలె. ముందు తెల్లకాగితం మడిచి, అంకెలు వేసి, విప్పి చూసుకొని అప్పుడు బొమ్మలు పెట్టుండ్రి.

యూనికోడ్‌లో టైపు చేసి వర్డు ఫైలు జిరాక్సు సెంటరుకు పంపితే వాళ్ల కంప్యూటర్ల ఫాంటు లేక ఒత్తులు, గుణింతాలు విడిపోతయి. పీడీఎఫ్ చేసి పంపుండ్రి. మండలి లాంటి సాదా ఫాంటు, అక్షరం 22 నుంచి 24 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర జాగా. తక్కువ పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలి పిల్లలు తప్పు చదువుతరు.

---

నర్సంపేట_వీఓ

బతుకమ్మ లోపల మొదలుపెడదామని ఉంది. పండుగకు సంబంధించి ఏమన్న పెట్టొచ్చా? ఇంకొకటి, ఇద్దరు పిల్లలు నాలుగేండ్లున్నా సరిగ్గ మాట్లాడరు. వాళ్లను చదువుగంటలో ఎట్ల కూర్చోబెట్టాలె?

---

తొలిబడి_హనుమకొండ

బతుకమ్మ కన్నా మంచి లెక్కల పాఠం ఉండదు. తంగేడు, గునుగు, బంతి కుప్పలు వేరు చేయడం వర్గీకరణ. పెద్ద వరుస నుంచి చిన్న వరుసకు పేర్చడం క్రమం. పసుపు, తెలుపు, పసుపు, తర్వాత ఏ రంగు రావాలో పిల్లతో చెప్పించడం నమూనా. తల్లి పేరుస్తూ అడగాలి, అంతే. పాటలో 'ఉయ్యాలో' వచ్చిన ప్రతిసారీ పిల్ల చప్పట్లు కొట్టాలి. చింతగింజలు, గవ్వలతో లెక్కలు కూడా మంచివే, మూడేండ్ల లోపు పిల్ల పక్కన ఉంటే మాత్రం తీయొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.

---

కాజీపేట_స్పీచ్

ఆ ఇద్దరి విషయం ఆలస్యం చేయొద్దు. ఏడాదిన్నరకు మాటలు మొదలు కాకపోయినా, రెండేండ్లకు "అమ్మ రా", "పాలు కావాలె" లాంటి రెండు మాటల జత లేకపోయినా చూపించాలి. నాలుగేండ్లంటే ఇప్పటికే ఆలస్యం. "వాళ్ల నాయన కూడా లేటుగనే మాట్లాడిండు" అన్న మాటకు ఆగొద్దు.

మొదట చెవి పరీక్ష. వెనక నుంచి పేరు పెట్టి పిలిచి చూడటం ఆరంభం మాత్రమే, ఒక చెవి వినపడే పిల్ల తిరిగి చూస్తుంది, లోపం దాగిపోతుంది. చీము కారే చెవులు ఉంటే వానాకాలంలో వినికిడి ఇంకా తగ్గుతుంది. పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చేదాకా ఆగకుండా ఆశ కార్యకర్త ద్వారా పీహెచ్‌సీలో రాయించుకొని, జిల్లా సత్వర చికిత్స కేంద్రం డీఈఐసీకి పంపండి. అక్కడ పరీక్ష, థెరపీ ఉచితం.

ఫోన్ ఎంతసేపు చూస్తున్నారో కూడా అడగండి. రెండేండ్ల లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేండ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తల్లి పొలం పోయి వచ్చి వంట చేస్తుంటే పిల్ల చేతికి ఫోన్ ఇస్తది, ఆమెను తప్పుపట్టి లాభం లేదు. వంటింట్లో పిల్లకు ఒక గిన్నె, నాలుగు చిక్కుడుకాయలు ఇచ్చి మాట్లాడిస్తూ ఉండమని చెప్పండి.

చదువుగంటలో ఆ ఇద్దరినీ ముందు వరుసలో, వలంటీరు ముఖం కనిపించేట్టు కూర్చోబెట్టండి. మాటతో జవాబు అడగొద్దు, "కుక్క ఏది?" అని వేలితో చూపమనండి.

---

బడిగంట_కరీంనగర్

అక్షరాల వరుస గురించి తొలిబడి గారు చెప్పింది బాగుంది, ఐదేండ్ల వాళ్లకు అట్లా చేస్తే నాకు అభ్యంతరం లేదు. పిల్లల ఎదుగుదల ఎట్లా చూస్తారో కూడా ఇప్పుడే అనుకోండి. పరీక్ష వద్దు. మూడు నెలలకోసారి ఒక్కో పిల్లతో ఐదారు నిమిషాలు, మిగతా పిల్లలు, తల్లులు లేకుండా. పుస్తకం సరిగ్గా పట్టుకొని పేజీ తిప్పుతున్నదా, బొమ్మ చూసి మూడు వాక్యాలు చెప్తున్నదా, మూడు ముక్కల మాటను చప్పట్లతో విడగొడుతున్నదా, తన పేరు గుర్తుపడుతున్నదా, పది గింజలు ఒక్కోటి ముట్టుకుంటూ లెక్కపెడుతున్నదా. "వస్తున్నది, ఇంకా రాలేదు" అని రెండే గడులు. మార్కులు వేస్తే తల్లులు పోల్చుకోవడం మొదలుపెడతారు, వెనకబడ్డ పిల్ల తల్లి రావడం మానేస్తుంది.

ఏప్రిల్‌లో ఆ కాగితాలు, పిల్ల ఎక్కువ ఇష్టపడ్డ రెండు పుస్తకాల పేర్లు బడి హెచ్‌ఎంకు ఇవ్వండి. ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు 'విద్యాప్రవేశ్' ఆటపాటల పాఠాలు ఉంటాయి కాబట్టి టీచరుకు ఆ సమాచారం వెంటనే పనికొస్తుంది. ఒకటో తరగతికి పోయే పిల్లల సంచులు వెనక్కి తీసుకోవద్దు. బడిలో గ్రంథాలయం తెరిచేదాకా పుస్తకాలు మీ దగ్గర్నుంచే పోనివ్వండి.

---

నర్సంపేట_వీఓ

మంచిది. రేపటి మీటింగుల తండా నుంచి ఒక వలంటీరు పేరు, సంచులు కుట్టేవాళ్ల పేర్లు రాసుకుంటం. పుస్తకాల జాబితా తయారైనంక ఇక్కడ పెడ్త, మాటల్లేని బొమ్మకథల్లో ఏవి తీసుకోవాలెనో చూసి చెప్పుండ్రి.